ఇంధన నూనెల నిల్వ: విశాఖపట్నం, పరిసర గ్రామాలు

డీజిల్, కిరోసిన్, ఫర్నేస్ ఆయిల్ వంటి ద్రవ ఇంధనాలను వాడుకునే రోజు వరకూ భద్రపరిచే ఏర్పాట్లన్నిటినీ కలిపి ఇంధన నూనెల నిల్వ అంటారు. విశాఖపట్నం ప్రాంతంలో ఈ నిల్వ రెండు చోట్ల, రెండు తీరుల్లో కనిపిస్తుంది. రేవు పక్కన మల్కాపురం చుట్టూ భారీ ఉక్కు ట్యాంకులు, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రాంతంలో నేల లోతున తొలిచిన రాతి గుహలు ఒక పక్క. అనకాపల్లి, చోడవరం, నక్కపల్లి, పాయకరావుపేట, భీమిలి, పాడేరు వైపు పల్లెల్లో కళ్లాల దగ్గర, రొయ్యల చెరువు గట్ల మీద, కోళ్ల షెడ్ల పక్కన, వేట పడవల్లో ఉండే డ్రమ్ములు, క్యాన్లు మరో పక్క. మొదటివాటికి ఇంజనీర్లున్నారు, లైసెన్సులున్నాయి, సొంత అగ్నిమాపక దళాలున్నాయి. రెండోవాటికి చాలాచోట్ల ఒక గరాటు, ఒక రబ్బరు పైపు మాత్రమే ఉన్నాయి. నూనె స్వభావం రెండు చోట్లా ఒక్కటే. నగరం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న జాగ్రత్త ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలోని పల్లెకు ఇంకా పూర్తిగా చేరలేదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పల్లె నిల్వ గురించే.

చలి దేశాల నూనె, మన నూనె

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఉత్తర ఐర్లండ్‌లో ఇళ్లను వెచ్చబరచడానికి ఇప్పటికీ నూనె కాలుస్తారు. అమెరికాలో ఇంటి కింద గదిలో ఉండే మామూలు ట్యాంకు 275 గ్యాలన్లది, అంటే వెయ్యి లీటర్లకు కొంచెం ఎక్కువ. పాతకాలంలో ఈ ట్యాంకులను పెరట్లో పాతిపెట్టేవారు. కాలక్రమంలో ఇల్లు గ్యాసుకు మారుతుంది, ట్యాంకు మాత్రం మట్టిలోనే తుప్పు పట్టి కారుతుంది. న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు సంతకం చేసే ముందు పెరట్లో పాత నూనె ట్యాంకు ఉందో లేదో పరికరాలతో వెతికించుకోవడం అందుకే. కారిన మట్టిని తవ్వి తరలించే ఖర్చు చివరికి ఇంటి యజమాని మీదే పడుతుంది.

మనకు ఆ చలి లేదు. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోయే లంబసింగిలో కూడా చలి కాచుకోవడానికి నెగడు, కుంపటి ఉన్నాయి కాబట్టి ఇంటి వేడి కోసం నూనె నిల్వ చేసే అలవాటు పుట్టలేదు. కొలిమికి వేడినిచ్చే నూనె మాత్రం విశాఖకు బాగా తెలుసు. ఇనుప కడ్డీలను మళ్లీ కాల్చి సాగదీసే రీ-రోలింగ్ మిల్లుల కొలుములకు, ఫ్యాక్టరీ బాయిలర్లకు, ఓడల ఇంజన్లకు ఫర్నేస్ ఆయిల్ వాడతారు. అది చిక్కటి నల్లటి నూనె, మామూలు ఉష్ణోగ్రతలో సరిగా పారదు. ట్యాంకులో ఆవిరి గొట్టాలు చుట్టి, వెచ్చగా ఉంచితేనే పంపుకు అందుతుంది. ఓడలు వాడే నూనెలో గంధకం 0.5 శాతం మించరాదన్న అంతర్జాతీయ నిబంధన 2020 జనవరి 1న అమల్లోకి వచ్చాక రేవుల్లో ఈ నూనె నిల్వల తీరు కూడా మారింది.

డబ్బా నుంచి గొట్టపు మార్గం దాకా

ఈ ప్రాంతానికి మొదట వచ్చిన పెట్రోలియం ఇంధనం కిరసనాయిలు. నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాల్లో, అంటే దాదాపు 18 లీటర్ల కొలతలో, విదేశీ కంపెనీలు దాన్ని మూలమూలకూ చేర్చాయి. నూనె అయిపోయాక డబ్బా పారేసే అలవాటు లేదు. నీళ్లు తోడడానికి, ధాన్యం కొలవడానికి, పాకకు రేకుగా పరచడానికి అది పనికొచ్చింది. నూనె పాత్రను ఇంటి సామానులో కలిపేసే అలవాటు అప్పటిదే. ఈనాటి కొన్ని ప్రమాదాలకు కూడా అదే మూలం.

విశాఖ రేవు 1933లో మొదలైంది. 1957లో కాల్‌టెక్స్ కంపెనీ ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. దాన్ని కేంద్ర ప్రభుత్వం తీసుకున్నాక 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనం చేశారు. తర్వాతి విస్తరణల్లో సామర్థ్యం 83 లక్షల టన్నులు దాటింది. ఇటీవలి ఆధునికీకరణ లక్ష్యం కోటిన్నర టన్నులు. ఇక్కడ తయారైన పెట్రోలు, డీజిల్, కిరోసిన్ సుమారు 570 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో విజయవాడ మీదుగా సికిందరాబాదు చేరుతున్నాయి. కోస్తా, తెలంగాణ పల్లెల్లో ట్రాక్టరులో పోసే డీజిలులో ఎంతో భాగం ఒకప్పుడు మల్కాపురం ట్యాంకుల్లో నిలిచినదే.

కర్మాగారపు ట్యాంకుల్లో రెండు రకాలు ప్రధానం. ముడి చమురు, పెట్రోలు వంటి త్వరగా ఆవిరయ్యేవాటికి పైకప్పు నూనె మీదే తేలుతూ, మట్టంతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. మధ్యలో ఆవిరి చేరే చోటు ఉండదు. డీజిల్, ఫర్నేస్ ఆయిలుకు స్థిరమైన శంఖాకారపు కప్పు చాలు. ఏ రకమైనా చుట్టూ కట్ట కడతారు. ట్యాంకు పగిలినా మొత్తం నూనె ఆ కట్టలోనే ఆగాలన్నది లెక్క. ఈ చివరి నియమాన్ని పల్లె రైతు కూడా సిమెంటు ఇటుకలతో ఒక్క పూటలో పాటించవచ్చు.

కొండ ప్రాంతంలోని గుహల సంగతి వేరు. తూర్పు కనుమల ఖోండలైట్ రాతిని నేల లోతున తొలిచి, 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే వ్యూహాత్మక నిల్వను 2015లో సిద్ధం చేశారు. మంగళూరు, పాడూరు నిల్వలతో కలిపితే దేశానికి 53.3 లక్షల టన్నుల అత్యవసర నిల్వ సామర్థ్యం సమకూరింది. అంతకు ముందే, 2007లో, 60 వేల టన్నుల వంటగ్యాసు పట్టే గుహ సముద్ర మట్టానికి నూటయాభై మీటర్లకు పైగా లోతున ఇక్కడే వెలిసింది. ఈ గుహలకు ఉక్కు తొడుగు లేదు. రాతి పగుళ్లలోని భూగర్భ జలం నాలుగు వైపుల నుంచీ లోపలికి ఒత్తుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి లోపలి ఇంధనపు ఒత్తిడి కన్నా ఎక్కువ కాబట్టి నూనె గానీ గ్యాసు గానీ బయటికి రాలేదు. లోపలికి ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. నేల పైన ఇంధన నిల్వకు శత్రువైన నీరే ఇక్కడ కాపలా కాస్తోంది.

నూనె కదిలే వేళ

1997 సెప్టెంబరు 14 తెల్లవారాక విశాఖ శుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై, పెద్ద పేలుళ్లతో మంటలు చెలరేగాయి. సుమారు 60 మంది చనిపోయారు. గ్యాసు గోళాలతో పాటు పక్కనున్న నూనె ట్యాంకులు కూడా తగలబడ్డాయి. పొగ నగరాన్ని కమ్మింది, మల్కాపురం చుట్టుపక్కల జనం కట్టుబట్టలతో ఊరు వదిలారు. ఓడ నుంచి గ్యాసును గొట్టాల్లో దించుకుంటున్న సమయంలో జరిగిన లీకుతో అది మొదలైంది.

2009 అక్టోబరు 29న జైపూర్ దగ్గర సీతాపుర ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో పెట్రోలును ఒక చోటి నుంచి మరో చోటికి పంపే ఏర్పాట్లు చేస్తుండగా కవాటం దగ్గర నూనె చిమ్మింది. లేచిన ఆవిరి మేఘం కొంతసేపటికి పేలింది. మంటలు పదకొండు రోజులు మండాయి. ఆ తర్వాత ఎం.బి.లాల్ కమిటీ చేసిన సిఫారసులు దేశమంతటా ట్యాంకు ప్రాంగణాల తీరును మార్చాయి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో ట్యాంకు నిండిపోయినా పంపు ఆగలేదు, పొంగిన పెట్రోలు పేలింది.

మూడింటిలోనూ నూనె గానీ గ్యాసు గానీ కదలకుండా ఉన్నప్పుడు ప్రమాదం జరగలేదు. దించేటప్పుడు, మార్చేటప్పుడు, నింపేటప్పుడు జరిగింది. ఈ చరిత్ర నుంచి పల్లెకు పనికొచ్చే పాఠం ఇదే. మూత బిగించిన డ్రమ్ము చాలావరకు శాంతంగా ఉంటుంది. క్యాను వంచే చెయ్యి, పైపు పెట్టిన నోరు, దగ్గర్లో వెలుగుతున్న బీడీ, ఆపకుండానే నూనె పోస్తున్న ఇంజను దాన్ని ప్రమాదంగా మారుస్తాయి.

పల్లెకు నిల్వ ఎందుకు

2004 తర్వాత వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు రావడంతో ఆయిలింజన్లు చాలావరకు మూలపడ్డాయి. అయినా పల్లెలో డీజిల్ అవసరం తగ్గలేదు. ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, జనరేటర్లు పెరిగాయి. కోతల కాలంలో బంకు దాకా యంత్రాన్ని తోలుకెళ్లడం కన్నా రెండు డ్రమ్ముల నూనె కళ్లంలోనే ఉంచుకోవడం రైతుకు గిట్టుబాటు.

రొయ్యల చెరువుల దగ్గర ఇది లాభనష్టాలకు మించిన విషయం. రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, నెలల తరబడి పెంచిన పంట తెల్లారేసరికి తేలిపోతుంది. కాబట్టి పాయకరావుపేట, నక్కపల్లి తీరంలో చెరువు ఉన్నచోట జనరేటరు, జనరేటరు ఉన్నచోట డీజిల్ తప్పనిసరి.

ఎంత ఉంచుకోవాలన్నది చాలామంది లెక్క వేయరు. పది కిలోవాట్ల భారం మోసే జనరేటరు గంటకు మూడు లీటర్ల దాకా తాగుతుంది. మూడు రోజులు ఆపకుండా నడపాలంటే 216 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము, దాని మీద ఒక చిన్న క్యాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, బంకుల ముందు బారులు తీరారు. బంకు పంపు కూడా కరెంటుతోనే నడుస్తుందన్న సంగతి అప్పుడే చాలామందికి అనుభవంలోకి వచ్చింది. తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. సెప్టెంబరు చివరికల్లా డ్రమ్ము నిండి ఉండటం మంచిది. అంతకు పది రెట్లు ఉంచుకుంటే భద్రత పెరగదు, పాడయ్యే నూనె పెరుగుతుంది.

ఏజెన్సీలో దూరాలే కారణం. పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో బంకు ఒక ఊళ్లో ఉంటే పొలం ఎన్నో మలుపుల అవతల ఉంటుంది. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తన డిపోల ద్వారా కిరోసిన్ అందించింది, కొన్నిచోట్ల సొంత బంకులూ నడుపుతోంది. 1999లో మొదలైన దీపం పథకంతో, తర్వాతి గ్యాసు పథకాలతో ఇళ్లలో కిరోసిన్ స్టవ్వులు మూలకు చేరాయి. నీలం రంగు కలిపిన రేషను కిరోసిన్ 2010ల చివరికి దాదాపు కనుమరుగైంది.

చట్టం గీసిన గీత

దేశంలో ఇంధన నూనెల నిల్వకు ఆధారం 1934 నాటి పెట్రోలియం చట్టం, దాని కింద వచ్చిన 2002 నాటి పెట్రోలియం నియమాలు. వీటిని అమలు చేసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, వాడుకలో పెసో. నూనెలను జ్వలన స్థానాన్ని బట్టి తరగతులు చేశారు. నూనె నుంచి లేచిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే చటుక్కున అంటుకునేంత చేరే కనీస ఉష్ణోగ్రత అది. 23 డిగ్రీల లోపు అయితే ‘ఎ’ తరగతి, పెట్రోలు అందులోది. 23 నుంచి 65 డిగ్రీల లోపు బి తరగతి, అందులో డీజిల్, కిరోసిన్. 65 నుంచి 93 లోపు సి తరగతి, ఫర్నేస్ ఆయిల్ ఇక్కడికి వస్తుంది.

సొంత వాడకానికి డీజిల్ ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా వెయ్యి లీటర్లు దాటకుండా ఉంటే నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. పెట్రోలుకు ఈ పరిమితి 30 లీటర్లే, అది కూడా అమ్మకానికి కానప్పుడే. పెట్రోలు పాత్ర లోహానిదైతే 25 లీటర్లు, గాజుదైతే ఒక లీటరు మించరాదు. డీజిల్‌ను తిరిగి చిల్లరగా అమ్మడం వేరే విషయం. 2005 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఆ హక్కు అధీకృత డీలరుదే. కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్రోలు వేలాడదీయడం చట్టవిరుద్ధం, పక్కనే పొయ్యి ఉంటే ప్రాణాంతకం కూడా.

ఈ 2,500 లీటర్ల గీతను చాలామంది తప్పుగా చదువుతున్నారు. అది లైసెన్సుకు మినహాయింపు మాత్రమే, జాగ్రత్తకు మినహాయింపు కాదు. రెండు వేల లీటర్ల డీజిల్ అంటుకుంటే కళ్లంతో పాటు వీధీ కాలుతుంది.

మరో అపోహ కూడా బలంగా ఉంది. డీజిల్‌లో అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుందని, కాబట్టి భయం లేదని అంటారు. మన దేశపు ప్రమాణం డీజిలుకు కోరేది కనీసం 35 డిగ్రీల జ్వలన స్థానం. యూరప్ ప్రమాణం 55 డిగ్రీలకు పైన ఉంటుంది. బంకులో దొరికే నూనె సాధారణంగా ఈ కనీసం కన్నా మెరుగ్గానే ఉంటుంది. కానీ మే నెల మధ్యాహ్నం ఎండ పడే రేకుల షెడ్డులో డ్రమ్ము వేడి 35 డిగ్రీలను సులువుగా దాటిపోతుంది. జనవరిలో ఆరిపోయిన పుల్ల మేలో ఆరిపోతుందన్న హామీ లేదు. అదే క్యానులో అంతకు ముందు పెట్రోలు పోసి ఉంటే, ఆ కాస్త అవశేషమే డీజిల్‌ను పెట్రోలంత చురుగ్గా అంటిస్తుంది.

పాత్ర, చోటు

డీజిలుకు మంచి పాత్ర మామూలు ఉక్కు డ్రమ్ము, లేదా ఇంధనం కోసమే తయారు చేసిన మందపాటి ప్లాస్టిక్ క్యాను. జింకు పూత పూసిన డ్రమ్ము పనికిరాదు, జింకు డీజిలులోని ఆమ్లాలతో చర్య జరిపి ఫిల్టర్లను మూసేసే మడ్డిని పుట్టిస్తుంది. రాగి, ఇత్తడి నూనె పాడవడాన్ని వేగవంతం చేస్తాయి. నీళ్ల కోసం అమ్మే నల్ల ట్యాంకులో డీజిల్ పోయడం మన దగ్గర మామూలైపోయింది. ఆ ప్లాస్టిక్ నూనెకు ఉబ్బి, ఎండకు పెళుసెక్కి, ఓ రోజు అతుకు దగ్గర చీలుతుంది. పురుగుమందు క్యాన్లను కడిగి వాడటం ఇంకా చెడ్డది.

వేడికి నూనె ఉబ్బుతుంది. 200 లీటర్ల డీజిల్ ఇరవై డిగ్రీలు వేడెక్కితే మూడు లీటర్లకు పైగా పెరుగుతుంది. అంచు దాకా నింపితే ఆ మూడు లీటర్లు మూత సందులోంచి నేల మీదికి వస్తాయి. ఇరవయ్యో వంతు ఖాళీ వదిలితే చాలు.

ఆరుబయట డ్రమ్మును నిలబెట్టడం అందరూ చేసే పని, నిల్వలో ఇదే పెద్ద పొరపాటు. పైమూత గుంటలో వాననీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే డ్రమ్ము గాలి పీలుస్తూ మూత సందులోంచి ఆ నీటిని లోపలికి లాగుతుంది. డ్రమ్మును దిమ్మల మీద అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టంలో, నూనె మట్టానికి లోపల ఉండేలా తిప్పాలి. నిలబెట్టక తప్పకపోతే కాస్త వాల్చి, మూతలు నీళ్లు నిలవని వైపు రావాలి.

చోటు విషయానికొస్తే నీడ, గాలి రెండూ కావాలి. వంటపాక, గడ్డివాము, పశువుల శాల, కరెంటు మీటరు దగ్గర వద్దు. బావి నుంచి, చెరువు నుంచి దూరంగా, వాలు అటువైపు లేకుండా చూసుకోవాలి. కింద సిమెంటు గచ్చు, చుట్టూ అడుగెత్తు గోడ కట్టి, ఆ తొట్టిలో మొత్తం నూనె పట్టేలా కొలత వేసుకోవాలి. తొట్టికి పైకప్పు ఉండాలి, లేకపోతే మొదటి వానకే నిండిపోతుంది. రొయ్యల చెరువుల తీరంలో తుపాను నీరు పైకి వస్తుంది కాబట్టి డ్రమ్ములను గొలుసుతో బిగించాలి. డీజిల్ నీటికన్నా తేలిక, నిండుగా ఉన్న డ్రమ్ము కూడా వరదలో తేలి కొట్టుకుపోతుంది.

నీరు, కాలం, చలి

నిల్వ నూనెను పాడుచేసేవాటిలో మొదటిది నీరు. సముద్రపు తేమ గాలి సగం ఖాళీ డ్రమ్ములో రాత్రిపూట చెమటలా పట్టి అడుక్కి జారుతుంది. అడుగున చేరిన నీటికి, పైన ఉన్న నూనెకు మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి నూనెనే తిని బతుకుతాయి. ఇంజను ఉన్నట్టుండి ఆగి, ఫిల్టరు విప్పితే గోధుమ రంగు జిగురు కనిపించిందంటే కారణం చాలాసార్లు ఇదే. బయోడీజిల్ కలిసిన నూనె తేమను మరింత పీలుస్తుంది. డ్రమ్మును నిండుగా ఉంచడం, కాస్త వాలుగా పడుకోబెట్టి అప్పుడప్పుడు అడుగు నుంచి ఒక గ్లాసెడు తీసి చూడటం దీనికి చవకైన మందు. గాజు గ్లాసులో నీరు అడుగున విడిగా కనపడుతుంది.

మంచి చోట ఉంచిన డీజిల్ ఆరు నెలల నుంచి ఏడాది నిలుస్తుంది. ఆ తర్వాత రంగు ముదిరి, బంక కడుతుంది. డ్రమ్ము మీద కొన్న నెల సుద్దతో రాసుకోవాలి, పాతది ముందు వాడాలి.

ఏజెన్సీ రైతులకు మరో చిక్కు ఉంది. చలికి డీజిలులోని మైనం గడ్డకట్టి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. మన ప్రమాణంలో ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రతకు చలికాలపు డీజిలుకు 6 డిగ్రీలు, వేసవి డీజిలుకు 18 డిగ్రీలు హద్దు. మే నెలలో మైదానంలో కొని చింతపల్లికి, లంబసింగికి తీసుకెళ్లిన నూనెను డిసెంబరు తెల్లవారుజామున ఇంజనులో పోస్తే అది కదలకపోవడంలో వింతేమీ లేదు. ఆ వేళ ట్యాంకు కింద మంట పెట్టి వెచ్చబరిచే పద్ధతి చాలా ప్రమాదకరం. ఎండ వచ్చేదాకా ఆగడమే సరైన పని.

పడవల్లో నూనె

విశాఖ చేపలరేవులో మరబోట్లు రోజుల తరబడి వేటకు వెళ్తాయి, వందల నుంచి వేల లీటర్ల డీజిల్ నింపుకుని బయలుదేరతాయి. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరు నుంచి లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చింది, మరబోటుకు నెలకు 3,000 లీటర్లు, మోటారు తెప్పకు 300 లీటర్ల పరిమితితో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ ట్యాంకుల్లో మిగిలిన నూనెతో బోట్లు పక్కపక్కనే కట్టి ఉంటాయి.

2023 నవంబరు 19 రాత్రి ఈ రేవులో ఒక బోటుకు అంటుకున్న నిప్పు పక్కవాటికి పాకింది. ముప్పైకి పైగా బోట్లు దెబ్బతిన్నాయి. ట్యాంకుల్లో డీజిల్, వంటకు పెట్టుకున్న గ్యాసు సిలిండర్లు మంటకు బలమిచ్చాయి. ఎన్నో కుటుంబాలు ఒక్క రాత్రిలో జీవనాధారం పోగొట్టుకున్నాయి. బోట్ల మధ్య ఖాళీ వదలడం, రేవులో ఉన్నప్పుడు సిలిండర్లు దించేయడం, రాత్రి కాపలా ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇవి నియమంగా అమలు కావాలి.

తోడటం, ఒలకడం, ఆర్పడం

డ్రమ్ము నుంచి నూనె తీయడానికి చేత్తో తిప్పే పంపు దొరుకుతుంది. ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. క్యాను నింపేటప్పుడు దాన్ని నేల మీద పెట్టాలి, ట్రాలీలో ప్లాస్టిక్ పట్టా మీద కాదు. పారే నూనె స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది, నేల దాన్ని లాగేస్తుంది. ఇంజను ఆపి, చల్లారనిచ్చి పోయాలి. ఒక పెద్ద గరాటు, దానికి సన్నటి జల్లెడ, పక్కనే బకెట్టులో పొడి ఇసుక ఉండాలి.

ఒలికితే నీళ్లతో కడగకూడదు. డీజిల్ నీటి మీద తేలి కాలువ వెంట బావి దాకా పోతుంది, కొద్ది లీటర్లకే బావినీరు వాసన పట్టి తాగడానికి పనికిరాదు. ఊక, రంపపు పొట్టు, ఇసుక చల్లి పీల్చుకున్నాక ఎత్తి దూరంగా ఉంచాలి. మంట లేస్తే కూడా నీళ్లు పోయవద్దు. మండుతున్న నూనె నీటి మీదెక్కి మరింత దూరం పాకుతుంది. చిన్న మంటను ఇసుకతో, తడి గోనెసంచితో, పొడి రసాయన సిలిండరుతో కప్పి ఆర్పవచ్చు. డ్రమ్మే వేడెక్కిందంటే జనాన్ని దూరంగా పంపి 101కి ఫోన్ చేయడం ఒక్కటే దారి.

నోటితో తోడటం, సీసాలో పోయడం

పల్లె నిల్వలో ఎక్కువ హాని మంటల రూపంలో కాకుండా నిశ్శబ్దంగా జరుగుతోంది. పైపు నోట్లో పెట్టుకుని పీల్చి డీజిల్ తోడే అలవాటు మన దగ్గర డ్రైవర్ల నుంచి రైతుల దాకా ఉంది. గుక్కెడు కూడా మింగనక్కర్లేదు, పీల్చే ఊపులో కొన్ని చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారితే చాలు. నూనె పల్చగా పరుచుకుని ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. దగ్గు, జ్వరం, ఆయాసం గంటల తర్వాత మొదలవుతాయి కాబట్టి చాలామంది రెంటినీ ముడిపెట్టుకోరు.

పిల్లల విషయం ఇంతకన్నా బాధాకరం. దేశంలో చిన్నపిల్లలను ఆసుపత్రికి చేర్చే విషప్రమాదాల్లో కిరోసిన్ ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే: మంచినీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి అందే ఎత్తులో పెట్టడం. ఇప్పుడు ఇళ్లలో కిరోసిన్ తగ్గినా, అదే సీసాలో డీజిల్, థిన్నర్, పెట్రోలు ఉంటున్నాయి. నగరంలో వేల టన్నుల ట్యాంకు మీద పెట్టే శ్రద్ధలో వెయ్యో వంతు ఈ అర లీటరు సీసా మీద పెట్టినా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ఎవరైనా నూనె మింగితే వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు, పాలు, చింతపండు రసం పట్టవద్దు. వాంతితో పైకి వచ్చిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మొదటి ప్రమాదం కన్నా అదే పెద్దది. నూనె తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ నూనె, ఎంత, ఎన్ని గంటలకు అన్నది చెప్పండి, ఆ సీసాను వెంట తీసుకెళ్లండి. పిల్లవాడు ఆ క్షణంలో బాగానే కనిపిస్తున్నా ఇంట్లో ఉంచుకోవద్దు.